రెండు ఆమ్రవనాలు, ఒక ముగింపు: ‘ఆమ్రపాలి’ చిత్రాంతంపై ఒక పరిశీలన

లేఖ్ టండన్ దర్శకత్వంలో 1966లో విడుదలైన ‘ఆమ్రపాలి’ హిందీ చిత్రం యుద్ధభూమి మీదుగా తన ముగింపును చేరుకుంటుంది. మగధరాజు అజాతశత్రువు వైశాలిని జయించాడు. తాను ప్రేమించిన రాజనర్తకిని చెరనుండి విడిపించడానికి వచ్చాడు. కాని ఆమె కన్నులకు అతడిప్పుడు తన నగరాన్ని శవాల దిబ్బగా మార్చిన విజేతగానే కనిపిస్తాడు. ఆమ్రపాలి ఆ విజయాన్నీ ఆ ప్రేమనూ ఏకకాలంలో విడిచి బుద్ధుని పాదాలను ఆశ్రయిస్తుంది. ఆమె వెనుకనే అజాతశత్రువు కూడా వచ్చి అక్కడనే శరణు పొందుతాడు. అంతటితో కథ సమాప్తం.

ఇది తీపీ చేదూ కలిసిన ముగింపు. ప్రేమికులు కలియలేదన్నది చేదు. ఇద్దరూ ఒకే ధర్మచ్ఛాయకు చేరారన్నది తీపి. చారిత్రక ప్రణయకథలను అభిమానించే సామాన్య ప్రేక్షకుడు ఈ రెండు రుచులనూ సమంగా స్వీకరించి తృప్తి పడగలడు. పాళి గ్రంథాలతో పరిచయమున్న పాఠకునికి మాత్రం ఇందులో మరొక విధమైన ఇబ్బంది ఎదురవుతుంది. అతనిని ఇక్కడ ఆపేది ప్రేమికుల ఎడబాటు కాదు, వారి సమాగమం. ఆ రాజుకు ఆ శరణు అంత సులువుగా, ఆ స్త్రీ అడుగుజాడలలో లభించిందన్న కథనాన్ని సంప్రదాయం ఎక్కడా అంగీకరించలేదు. చిత్రం మనసును కదిలిస్తున్నదనుట నిజం. ఆ కదలికలోనే ఒక ముఖ్యవిషయం మరుగున పడుతున్నదనుటయు నిజం. ఈ రెండు నిజాలను విడివిడిగా తూచి చూడవలసి ఉన్నది.

చిత్రం, దాని ఆదరణ

ఎఫ్. సి. మెహ్రా నిర్మించిన ఈ చిత్రంలో వైజయంతిమాల ఆమ్రపాలిగా, సునీల్ దత్ అజాతశత్రువుగా నటించారు. సంగీతం శంకర్-జైకిషన్‌లది. ఉత్తమ విదేశీ భాషాచిత్ర విభాగంలో ఆస్కార్ పోటీకి భారతదేశం పంపిన చిత్రం కూడా ఇదే. తుది జాబితాలో మాత్రం దీనికి స్థానం దక్కలేదు. విడుదలైనప్పుడు వసూళ్ల పరంగా విఫలమైనప్పటికీ, కాలక్రమంలో పాటలవల్లను, నృత్యాలవల్లను, భాను అథయ్యా రూపొందించిన దుస్తులవల్లను నిలిచిపోయింది. ఆ దుస్తులకోసం ఆమె అజంతా గుహాచిత్రాలను పరిశీలించారు. అటుపిమ్మట ప్రాచీన భారతాన్ని తెరమీద చూపదలచిన పలువురికి ఆ వేషధారణే ఒరవడి అయింది.

పురావస్తు దృష్టితో చూచినప్పుడు ఇందులో ఒక కాలభేదమున్నది. అజంతాలో ప్రసిద్ధి చెందిన చిత్రాలలో అధికభాగం క్రీ.శ. 5వ శతాబ్దికి చెందినవి. ఆమ్రపాలి బుద్ధుని సమకాలికురాలు. అనగా తెరమీది వైశాలి తన కాలానికి సుమారు వేయి సంవత్సరాల తరువాతి వస్త్రాలు ధరించింది. ఇది చలనచిత్రాలలో క్షమింపదగిన స్వేచ్ఛయే. బుద్ధుని కాలపు వస్త్రధారణను నేరుగా చూపే చిత్రంగాని శిల్పంగాని లేనప్పుడు కళాకారుడు లభించిన ఆధారం దగ్గరకే పోవలసి ఉంటుంది. దుస్తులలో జరిగిన కాలవ్యత్యయం ఎవరికీ హాని చేయదు. ముగింపులో జరిగినది వేరు. అక్కడ వెనుకముందైనవి సంవత్సరాలు మాత్రమే కావు. కర్మకూ దాని ఫలానికీ నడుమనున్న సంబంధం కూడా.

సూరత్‌లోని రాగిరేకులు

ఈ ప్రశ్నను పరిశీలించడానికి వైశాలికి బహుదూరాన, తాపీ నదీతీరాన ఉన్న సూరత్ నగరం అనువైన స్థానం. ఆ నగరంలోని గోపీపురాలో వర్ధమాన జైన తామ్రపత్ర ఆగమ మందిరం ఉన్నది. 20వ శతాబ్దిలో ఆచార్య సాగరానంద సూరి ప్రేరణతో శ్వేతాంబర సంప్రదాయానికి చెందిన 45 ఆగమాలను అక్కడ రాగిరేకులమీద చెక్కించి భద్రపరిచారు. తాళపత్రం చివుకుతుంది, కాగితం చెదలపాలవుతుంది. రాగి నిలుస్తుందన్న విశ్వాసమే ఆ పనికి మూలం. ఆ ఆగమాలలో ఐదవ అంగమైన భగవతీ సూత్రమూ, ఉపాంగాలలో చేరిన నిరయావలియా కూడా ఉన్నాయి. చిత్రానికి నాయకుడైన అజాతశత్రువే ఆ రెండింటిలోనూ కూణికుడన్న పేరుతో దర్శనమిస్తాడు.

సూరత్ వస్త్రాల నగరం. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలోని మరమగ్గాల మీద జీవించే వారిలో తెలంగాణనుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను కూడా నడుపుతున్నది. అటువంటి ఇంటిలో పెరిగిన తెలుగు విద్యార్థి అజాతశత్రువును మొదట చూచేది హిందీ చిత్రంలోనే కావచ్చును. అదే రాజును గురించిన మరొక తీర్పు, అతడుండే ఊరిలోనే, అర్ధమాగధిలో, రాగిమీద చెక్కబడి ఉన్నది. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు.

భగవతీ సూత్రం కూణికుని యుద్ధాలను రెండింటిని పేర్కొంటుంది. ఒకటి మహాశిలాకంటకం, అందులో యంత్రబలంతో విసరిన పుల్ల, ఆకు, గులకరాయి సైతం మహాశిలవలె తగిలేదని వర్ణన. రెండవది రథముసలం, సారథి లేకుండనే ముసలంతో కూడిన రథం సైన్యంలో పరుగిడి నరసంహారం చేసిందని చెప్పారు. మొదటి యుద్ధంలో 84 లక్షలమంది, రెండవదానిలో 96 లక్షలమంది మరణించారని ఆ గ్రంథం అంటుంది. ఇవి చరిత్రకారుడు లెక్కలోకి తీసుకోదగిన సంఖ్యలు కావు. కాని ఆ సంఖ్యల వెంట వచ్చే ప్రశ్న గమనింపదగినది: యుద్ధంలో చనిపోయినవారు స్వర్గానికి పోతారని లోకం అంటున్నది, అది నిజమా అని గౌతమ గణధరుడు మహావీరుని అడుగుతాడు. కాదని, వారిలో అధికులు నరకంలోను తిర్యగ్యోనులలోను పుట్టారని సమాధానం. వరుణుడనే శ్రావకుడొక్కడు మినహాయింపు. తనను ముందు కొట్టినవానినే కొట్టెదనన్న నియమంతో అతడు యుద్ధానికి వెళ్లి, గాయపడి, రథాన్ని ప్రక్కకు మళ్లించి, శాంతచిత్తంతో ప్రాణం విడిచాడు.

ఇక్కడ చిత్రం పట్ల న్యాయంగా ఉండవలసి ఉన్నది. చివరిఘట్టంలో లేఖ్ టండన్ యుద్ధభూమిని చూపిన తీరు ఈ ఆగమదృష్టికి దూరమైనది కాదు. వీరస్వర్గం, విజయోత్సవం, పతాకాలు అన్నవి అక్కడ లేవు. పడి ఉన్న దేహాలున్నాయి. రాజుల కథలను ప్రశంసాపూర్వకంగా చెప్పే చిత్రాల నడుమ, నాయకుని విజయాన్ని నాయిక చేతనే తిరస్కరింపజేసిన చిత్రంగా ‘ఆమ్రపాలి’కి గౌరవం దక్కవలసినదే. చేదును అది చవి చూపింది. ప్రశ్న ఆ తరువాతి తీపిని గురించినది.

కాలం ఏమంటున్నది

మొదట కాలక్రమాన్ని చూడవలెను. మహాపరినిబ్బాన సుత్తం అజాతశత్రువు కోరికతోనే మొదలవుతుంది. వజ్జీలను నిర్మూలించదలచి, ఆ సంగతి బుద్ధునికి విన్నవించి ఆయన మాట తెలుసుకొని రమ్మని మంత్రి వస్సకారుని గృధ్రకూటానికి పంపుతాడు. బుద్ధుడు మంత్రికి నేరుగా బదులీయక, ప్రక్కన విసనకర్రతో నిలిచిన ఆనందుని అడుగుతాడు: వజ్జీలు తరచుగా సభ చేరుతున్నారా, కలిసి చేరి కలిసి లేస్తున్నారా, పెద్దలను గౌరవిస్తున్నారా, స్త్రీలను బలాత్కరించకుండ ఉన్నారా? ఏడు ప్రశ్నలకూ ఔనన్న సమాధానమే వస్తుంది. అవి నిలిచినంతకాలం వజ్జీలకు వృద్ధియే కాని హాని లేదని బుద్ధుని నిర్ణయం. యుద్ధంతో వారిని గెలువలేమని, మాయోపాయంతోగాని భేదంతోగాని మాత్రమే గెలువవచ్చునని వస్సకారుడు గ్రహించి వెళ్లిపోతాడు.

ఇది బుద్ధుని జీవితంలో చివరి ఘట్టం. ఆ ప్రయాణంలోనే ఆయన పాటలిగ్రామం చేరినప్పుడు అక్కడ సునీధుడు, వస్సకారుడు వజ్జీలను అడ్డుకొనుటకు కోట కట్టిస్తున్నారు. వైశాలి ఇంకా నిలిచే ఉన్నది. వస్సకారుడు వజ్జీల మధ్య చేరి, మూడు సంవత్సరాలపాటు ఒకరిమీద ఒకరికి అనుమానం పుట్టించి ఐక్యాన్ని చెరచినాడని, ఆ పిమ్మటనే అజాతశత్రువు నగరాన్ని వశపరచుకొన్నాడని బుద్ధఘోషుని అట్ఠకథ చెబుతుంది. అప్పటికి బుద్ధుడు పరినిర్వాణం పొందాడు. వైశాలి పతనమైన నాడు శరణు కోరి పోవడానికి బుద్ధుని పాదాలు లేవు. ఆయన ధాతువులు మాత్రమే ఉన్నాయి. ఆ ధాతువులలో భాగం పొంది అజాతశత్రువు రాజగృహంలోను, లిచ్ఛవులు వైశాలిలోను స్తూపాలు కట్టించారని సుత్తమే చెబుతున్నది. వైశాలిలో 1958లో అల్తేకర్ ఆధ్వర్యంలో మొదలైన తవ్వకాలలో బయల్పడిన మట్టిస్తూపాన్ని, అందులోని మెత్తటి రాతి ధాతుపేటికను పలువురు పండితులు ఈ లిచ్ఛవుల స్తూపంతో ముడిపెట్టారు.

కాబట్టి చిత్రంలోని ముగింపు దృశ్యం కాలరీత్యా సంభవించదు. అయితే ఈ ఒక్క ఆక్షేపణతో విమర్శ ముగియరాదు. కథకులు కాలాన్ని కుదించడం కొత్త కాదు. మూలసర్వాస్తివాద వినయం కూడా ఈ కథను తనదైన రీతిలో చెప్పింది. అందులో శత్రునగరంలో రహస్యంగా ప్రవేశించి ఆమ్రపాలి ఇంట ఏడు దినాలు దాగి ఉన్న మగధరాజు అజాతశత్రువు కాడు, అతని తండ్రి బింబిసారుడు. లిచ్ఛవులతో వైరం నడుస్తుండగనే ఈ రాకపోకలు జరిగాయి. పాళి సంప్రదాయంలోనూ ఆమ్రపాలి కుమారుడైన విమలకొండఞ్ఞ థేరుడు బింబిసారుని సంతానమే. చిత్రకథకు బీజం తండ్రి కథలో ఉన్నది. దానిని కుమారునికి ఆపాదించారు. తండ్రి ప్రేమకథను తండ్రిని చంపిన కుమారునికి ఇవ్వడంలో ఎంత బరువైన వైరుధ్యమున్నదో చిత్రం విచారించలేదు. బింబిసారుని మరణం ఈ కథ నేపథ్యంలో లేకపోవడమే ముగింపును అంత సులభం చేసింది.

రాజగృహపు తోట

అజాతశత్రువు పశ్చాత్తాపానికి సంప్రదాయంలో ఒక స్థలమున్నది. అది వైద్యుడైన జీవకుడు రాజగృహంలో సంఘానికిచ్చిన ఆమ్రవనం. 1953-54లో పురావస్తుశాఖ జరిపిన తవ్వకాలలో అక్కడ దీర్ఘవృత్తాకారపు మందిరాల పునాదులు వెలువడ్డాయి. తరువాతి కాలపు విహారాల నాలుగు పలకల అమరికకు పూర్వదశగా వాటిని భావిస్తారు. సామఞ్ఞఫల సుత్తం జరిగినది ఆ తోటలోనే.

కార్తిక పూర్ణిమ రాత్రి. రాజు మేడమీద కూర్చొని, ఈ వెన్నెలలో ఏ శ్రమణుని దర్శిస్తే మనసు కుదుటపడునని అడుగుతాడు. మంత్రులు ఒక్కొక్కరు ఒక్కొక్క గురువు పేరు చెబుతారు. జీవకుడు మాత్రం మౌనంగా ఉంటాడు. అడిగిన మీదట బుద్ధుని పేరు చెబుతాడు. ఆడఏనుగులమీద దివిటీలతో బయలుదేరిన రాజు తోట సమీపించేసరికి భయకంపితుడవుతాడు. 1250 మంది భిక్షువులున్న చోట తుమ్ముగాని దగ్గుగాని వినిపించదేమి, నన్ను శత్రువులకు అప్పగించడానికి తెచ్చావా అని జీవకుని అడుగుతాడు. తండ్రిని చంపినవానికి నిశ్శబ్దం కూడా కుట్రవలె తోచింది. లోపలికి పోయి నిర్మలమైన సరస్సువలెనున్న సంఘాన్ని చూచినప్పుడు అతని నోట మొదట వచ్చిన కోరిక తన కుమారుడు ఉదాయిభద్రునికి అటువంటి శాంతి కలగవలెనని. కుమారునివల్ల తనకు కూడా అదే గతి పట్టునేమోనన్న జంకు ఆ మాట వెనుక ఉన్నదని వ్యాఖ్యాతలు గుర్తించారు. మహావంశం ప్రకారం ఆ జంకు నిజమయింది కూడా.

ఉపదేశం పూర్తయిన తరువాత రాజు శరణు కోరి, రాజ్యంకోసం ధర్మాత్ముడైన తండ్రిని చంపినానని నోరు విడిచి ఒప్పుకొన్నాడు. బుద్ధుడు ఆ ఒప్పుకోలును స్వీకరించాడు. తప్పును తప్పుగా చూచి సరిదిద్దుకొనుట ఆర్యవినయంలో వృద్ధియే అన్నాడు. రాజు నమస్కరించి వెళ్లిపోయాడు. అతడు వెళ్లిన తరువాత మాత్రమే బుద్ధుడు భిక్షువులతో అసలు సంగతి చెప్పాడు: ఈ రాజు తన్ను తానే దెబ్బ తీసుకొన్నాడు, తండ్రిని చంపకుండ ఉన్నట్లయితే ఈ ఆసనంమీదనే అతనికి నిర్మలమైన ధర్మచక్షువు కలిగి ఉండెడిది.

చరిత్రలో ఇంతకంటె తీపీ చేదూ కలిసిన ముగింపు అరుదు. ద్వారం మూయబడలేదు, శరణు నిరాకరింపబడలేదు, నిందావాక్యం ముఖంమీద పలుకబడలేదు. అయినా చేసిన పని చేసినట్లే నిలిచింది. రాజుకు ఆ రాత్రి నిజమైన ఊరట లభించింది. దానితోపాటు, అతనికి తెలియకుండనే, అతడు కోల్పోయినదేమిటో కూడా నిర్ణయమయింది. కరుణ, కర్మనియమం ఒకదానినొకటి రద్దు చేయక ఒకే గదిలో కూర్చున్న సన్నివేశమిది. చిత్రం ఈ రెండింటిలో కరుణను మాత్రమే తీసుకొన్నది.

సంప్రదాయంలోనే ఉన్న తర్జనభర్జన

ఈ రాజు ముగింపుపట్ల బౌద్ధులకే ఏకాభిప్రాయం లేదన్నది కూడా చెప్పవలసిన మాట. బుద్ధఘోషుడు అతనిని లోహకుంభీ నరకానికి పంపి, అరువదివేల సంవత్సరాలు అక్కడ ఉంచి, ఆ పిమ్మట విజితావి అనే ప్రత్యేకబుద్ధుడు కాగలడని చెప్పాడు. క్రీ.శ. 2వ శతాబ్దిలోనే లోకక్షేముడు చీనీ భాషలోకి అనువదించిన అజాతశత్రు కౌకృత్య వినోదన సూత్రం మరింత ఉదారమైనది. అందులో మంజుశ్రీ శూన్యతాబోధతో రాజు మనస్తాపాన్ని తొలగిస్తాడు. అయినా ఆ సూత్రం సైతం రాజును ఒకసారి నరకద్వారం దాటించే పైకి తెస్తుంది. అక్కడ అతనికి బాధ ఉండదు, శీఘ్రంగానే బయటపడతాడు. కాని పోవడం తప్పలేదు. సూరత్‌లో రాగిమీద ఆగమాలను నిలిపిన జైన సంప్రదాయం కూణికుని ఆరవ నరకానికి పంపింది. అత్యంత కఠినమైన తీర్పునుండి అత్యంత కరుణాపూరితమైన తీర్పువరకు అన్నింటిలోనూ ఒక అంశం సమానం: లెక్క ఎవరూ చెరపలేదు. వ్యవధి తగ్గించారు, బాధ తగ్గించారు, భవిష్యత్తు తెరిచి ఉంచారు. ఖాతా మాత్రం కొట్టివేయలేదు.

చిత్రానికి అనుకూలంగా ఒక బలమైన సాక్ష్యమున్నది. భర్హుత్ స్తూపప్రాకారంలోని ఒక స్తంభంమీద ఇదే రాజు కనిపిస్తాడు. ఏనుగుమీద వచ్చి, దిగి, చివరకు పాదముద్రలున్న ఆసనం ముందు మోకరిల్లిన రాజుకు ప్రక్కన, అజాతశత్రువు భగవానునికి వందనం చేస్తున్నాడన్న అర్థంగల బ్రాహ్మీ లేఖనం ఉన్నది. కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో నేటికీ దానిని చూడవచ్చును. ఆ శిల్పి కూడా వందనం దగ్గరనే ఉలిని ఆపాడు. రాజు వెళ్లిన తరువాత భిక్షువులతో పలికిన మాటను రాతిలో చెక్కడం సాధ్యం కాదు. దృశ్యకళకు వందనమే సహజమైన ముగింపు. ఈ దృష్టితో లేఖ్ టండన్ భర్హుత్ శిల్పికి దూరపు వారసుడే.

అయితే భేదం కూడా స్పష్టమే. భర్హుత్ రాజు ముందు ఖాళీ ఆసనం తప్ప మరెవరూ లేరు. అతడు ఎవరి వెనుకనూ రాలేదు. తన భయంతో, తన నేరంతో తానే వచ్చాడు. చిత్రంలోని రాజు ప్రియురాలి వెంట వచ్చాడు. ఆమె వేరొక చోటికి పోయి ఉంటే అతడు అక్కడికే పోయి ఉండెడివాడు కాదా అన్న శంక ప్రేక్షకునికి కలిగితే చిత్రం వద్ద సమాధానం లేదు. శరణాగతి అక్కడ ప్రణయానికి చివరి అంకమయింది. వెనుక పడి ఉన్న వైశాలి మృతుల సంగతి ఆ అంకంలో ఎవరూ ఎత్తరు. యుద్ధభూమిని అంత నిజాయితీతో చూపిన కెమెరా రెండు నిమిషాలలో దానిని మరచిపోయింది.

వైశాలి తోట

రెండవ ఆమ్రవనం ఆమ్రపాలిది. వినయపిటకంలోని మహావగ్గం ఆమె రాత్రికి 50 కహాపణాలు తీసుకొనేదని, ఆమెవల్ల వైశాలి శోభిల్లిందని చెబుతుంది. దానిని చూచివచ్చిన రాజగృహపు వర్తకప్రముఖుని సలహామీద బింబిసారుడు తన నగరంలో సాలవతిని నియమించాడట. అనగా ఆమె నగర ఆర్థికవ్యవస్థలో గణనకెక్కిన వ్యక్తి. ఎవరి ప్రేమ మీదనో ఆధారపడి వెలిగిన ఆభరణం కాదు.

బుద్ధుడు చివరిసారి వైశాలికి వచ్చినప్పుడు ఆమె తోటలోనే దిగాడు. మరునాటి భిక్షకు ఆమె పిలుపును అంగీకరించాడు. తిరుగుదారిలో ఆమె బండి లిచ్ఛవి యువకుల బండ్లకు ఇరుసుకు ఇరుసు తగిలేటట్లు దూసుకుపోయింది. నూరువేలు తీసుకొని ఆ భోజనావకాశాన్ని తమకివ్వమని వారు అడిగారు. వైశాలిని దాని రాజ్యంతో సహా ఇచ్చినా ఈ భోజనాన్ని ఇవ్వనన్నది ఆమె బదులు. మామిడితోట స్త్రీ మనలను గెలిచిందని వారు వ్రేళ్లు విరిచారు. మరునాడు ఆమె సంఘానికి తోటను ధారపోసింది.

చిత్రాన్ని ఈ ఘట్టంతో పోల్చినప్పుడే అసలైన లోటు తెలుస్తుంది. సుత్తంలో ఆమ్రపాలి వైశాలినే ఒక తక్కెడలో ఉంచి కాదనగలిగిన స్వతంత్రురాలు. ఆమె ఇచ్చినది తన సొత్తు, ఇచ్చిన నాటికి నగరం సుభిక్షంగా ఉన్నది, ఆమెను ఎవరూ ఓడించలేదు. చిత్రంలో ఆమెకోసం వైశాలి కాలిపోతుంది. అన్నీ పోయిన తరువాత మిగిలిన మార్గంగా ఆమెకు ధర్మం దొరుకుతుంది. ఉన్నప్పుడు ఇచ్చుట, లేనప్పుడు ఆశ్రయించుట ఒకటి కావు. రెండవదీ గౌరవనీయమే, పటాచార, కిసాగోతమి దుఃఖపు దారినే వచ్చారు. కాని అది ఆమ్రపాలి దారి కాదు.

థేరీగాథలోని ఆమె గాథలు 19. అవి వృద్ధురాలి మాటలు. తుమ్మెదలవంటి కురులు నారవలె అయినవని, కన్నులు, దంతాలు, కంఠస్వరం, చేతులు ఏవి ఎట్లు మారాయో ఒక్కొక్క అవయవాన్నీ తానే పరీక్షించి, సత్యవాది మాట తప్పలేదని ప్రతిసారి తేల్చుకొంటుంది. తన కుమారుడైన థేరుని ధర్మోపదేశం విని ఆమె ప్రవ్రజించిందని అట్ఠకథ. ప్రియుని నేరం, యుద్ధభయం, రాజ్యనాశం ఇవేవీ ఆ గాథలలో లేవు. తన దేహమే ఆమెకు గ్రంథం. వైజయంతిమాల యౌవనసౌందర్యంమీద నిలిచిన చిత్రం ఆ ముసలి ముఖాన్ని చూపడానికి సాహసించలేదు. అనిత్యతను చెప్పిన స్త్రీని అందం చెక్కుచెదరని క్షణంలోనే ఆపివేయడం ఈ చిత్రంలోని సూక్ష్మమైన వ్యంగ్యం. బహుశా నిర్మాతలు గమనించనిది.

తేలిన విషయం

రాజగృహపు తోటలో ఒక నేరస్థుడు ఊరట పొందాడు, నేరం మాత్రం అతనితోనే ఉండిపోయింది. వైశాలి తోటలో ఒక సంపన్నురాలు తన సొత్తును సంతోషంతో విడిచింది. సంప్రదాయం ఈ రెండు వనాలను వేర్వేరు నగరాలలో, వేర్వేరు రోజులలో ఉంచింది. చిత్రం వాటిని ఒకే చెట్టు నీడకు తెచ్చింది. ఆ కలయికవల్ల రాజు శిక్షలేని శరణు పొందాడు, స్త్రీ తన దానాన్నీ వార్ధక్యాన్నీ కోల్పోయింది. లాభం ఒకరిది, నష్టం మరొకరిది. చిత్రాంతంపట్ల కలిగే మిశ్రమభావానికి మూలమిది.

అయినా ఈ చిత్రాన్ని త్రోసివేయుట తగదు. వైశాలి పేరు తెలియని లక్షలమందికి ఆ పేరు వినిపించినది అది. అమరావతిలో లభించిన ఒక ప్రాచీన శిల్పస్తంభంమీద వైశాలి చైత్యాల పేర్లు చెక్కి ఉన్నాయి. గంగకు ఉత్తరాననున్న ఆ నగరాన్ని కృష్ణాతీరపు ఉపాసకులు రెండువేల ఏండ్లకు ముందే తమ కన్నుల ముందు నిలుపుకొన్నారు. రాతిమీద చేసిన ఆ పనిని తెరమీద చేయగోరినవారిపట్ల ఆదరం ఉండవలసినదే. చేయవలసినదల్లా ముగింపును ముగింపుగా వదలక ముందుకు చదువుట. విహారాలలోగాని, వారసత్వ అధ్యయన తరగతులలోగాని ఈ చిత్రాన్ని ప్రదర్శించినప్పుడు వెంటనే సామఞ్ఞఫల సుత్తంలోని చివరి రెండు ఖండికలు, ఆ తరువాత అంబపాలి గాథలు చదివించిన యెడల చిత్రం చిన్నబోదు. దాని చేదు మరింత నిజమవుతుంది, తీపికి కూడా తగిన కొలత ఏర్పడుతుంది.

రాజు వెళ్లిపోయిన తరువాత జీవకుని తోటలో మరల నిశ్శబ్దం అలముకొన్నప్పుడు పలికిన మాట అది. తెర మీద ‘సమాప్తం’ అన్న అక్షరాలు పడి దీపాలు వెలిగిన తరువాత, ప్రేక్షకులలో కొందరైనా ఆ మాట వినడానికి మరికొంతసేపు కూర్చోవలసి ఉన్నది.